సార్ లేని రోజుల గీతలు

పీక్ మళ్ళీ వచ్చింది.

త్రినాధరావు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. కంప్యూటర్ తెర మీద గీత ఎడమ నుంచి కుడికి బుద్ధిగా నడుస్తూ, మొదట్లోనే ఒక వెడల్పాటి గుట్ట ఎక్కి దిగింది. రెండు వేల తొమ్మిది వందల దగ్గర రెండు కొమ్ములు విసిరింది. చివర్లో, పదిహేడు వందల నలభై అయిదు దగ్గర, ఇంకో కొమ్ము విసిరింది. అసలు కావలసిన పీక్ రెండు వేల వంద దగ్గరిది. అది ఉంది. ఉన్నా లేనట్టే ఉంది. పిలవని చుట్టాలు ముందు వరసలో కూర్చుంటే పెళ్ళికొడుకు ఎక్కడో స్తంభం చాటున నిలబడ్డట్టుంది.

"ఏటమ్మా ఇది?" అన్నాడు.

ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న షైనీ తెర వైపు చూసింది. "నూనె సార్."

"నూనె అని నాకూ తెలుసు. ఎవరి నూనె?"

షైనీ జవాబు చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి తప్పు ఆమెదేనని త్రినాధరావు తేల్చుకున్నాడు. ఆయన తేల్చుకోవడాలు అలాగే ఉంటాయి. కుడి అరచెయ్యి మాడు మీద వేసి, నుదురు దాకా ఒకసారి, మెడ దాకా ఒకసారి నిమురుకున్నాడు. కోపం వస్తే ఆయన చెయ్యి తనంతట తనే అక్కడికి పోతుంది. జుట్టు ఉన్న రోజుల నుంచీ ఉన్న అలవాటు. జుట్టు పోయింది, అలవాటు ఉండిపోయింది.

అనకాపల్లి దాటాక హైవే పక్కన ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో, ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు చివరి గది అది. ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్ వచ్చిన రోజున యాజమాన్యం దానికి దండ వేసి ఫొటో దిగింది. తర్వాత మళ్ళీ ఆ గది వైపు తొంగి చూసింది లేదు. ఏసీ పాడైతే ఉత్తరం రాయాలి. కరెంటు పోతే వాక్యూమ్ పంపు ఆగుతుంది, పొద్దున్నించి లాగిన గాలంతా మళ్ళీ లోపలికి వస్తుంది. డిటెక్టర్‌ని చల్లబరిచే ద్రవ నైట్రోజన్ విశాఖపట్నం నుంచి వ్యాన్‌లో వస్తుంది. క్యాన్ ఇక్కడ దించేసరికి సగం ఆవిరైపోయి ఉంటుంది. ఎందుకు సగమే ఉందని అడిగితే, దారిలో టీకి ఆగామని డ్రైవరు సిగ్గులేకుండా చెబుతాడు.

పని చెప్పుకుంటే చిన్నదే. వేలంత పొడుగున్న సిలికాన్ పలక. రెండు కొసలూ ఏటవాలుగా అరగదీసి ఉంటాయి. దాన్ని ప్లాస్టిక్ గిన్నెలో ఆసిడ్‌తో కడిగితే పైన ఉన్న ప్రతి సిలికాన్ పరమాణువునీ ఒక హైడ్రోజన్ పట్టుకుంటుంది. అప్పుడు పలకని గాలి లేని పెట్టెలో పెట్టి, రాగిని వేడి చేసి ఆవిరి చేసి, దాని మీద కంటికి ఆననంత పలచగా పడనివ్వాలి. ఒక కొసలోంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపితే, అది పలక లోపల పైకీ కిందికీ కొట్టుకుంటూ పోయి రెండో కొసలోంచి బయటపడుతుంది. దారిలో ఒక్కో బంధం తనకి కావలసిన కాంతిని తను మింగుతుంది. సిలికాన్, హైడ్రోజన్ కలిసి మింగేది రెండు వేల వంద దగ్గర. రాగి పడేకొద్దీ ఆ పీక్ ఎలా తగ్గుతుందో చూస్తే, రాగి ఎవరిని తోసి ఎక్కడ కూర్చుంటోందో తెలుస్తుంది. చూడ్డానికి ఇంకో దారి లేదు. షైనీ థీసిస్ అంతా ఇదే.

చిక్కు ఏమిటంటే, అంత పలచని రాగిని పట్టుకోగల పరికరం అంత పలచని మురికినీ పట్టుకుంటుంది. వేలు తగిలిందంటే చాలు, రాగి కంటే వేలే ఎక్కువ కనిపిస్తుంది.

యూనివర్సిటీ షైనీకి ఇచ్చిన ఆఖరి గడువు ఈ నెలాఖరుతో సరి. థీసిస్ మీద గైడు సంతకం పడాలి. పడకపోతే పేరు కొట్టేస్తారు. అయిదేళ్ళ పని చెత్తబుట్టలోకి పోతుంది. ఆ గైడు త్రినాధరావు.

ఆయన కె. కోటపాడు పక్క పల్లెటూళ్ళో పుట్టి, జిల్లా పరిషత్ బడిలో తెలుగులో చదువుకున్నవాడు. ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్నాడు, దెబ్బలు తిని నేర్చుకున్నాడు. అలా నేర్చుకున్నవాళ్ళు రెండు రకాలు. కొందరు తర్వాత వచ్చేవాళ్ళని కొట్టరు. కొందరు కొడతారు. త్రినాధరావు రెండో రకం.

భార్య నూకరత్నం పోయి రెండేళ్ళవుతోంది. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తపరీక్ష చేశారు. కుర్ర డాక్టరు కాగితం చూసి, రిపోర్టులో అంతా శుభ్రంగా ఉంది, ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. తీసుకెళ్ళాడు. అంత శుభ్రంగా ఉన్న మనిషి వారం తిరగకుండా పోయింది. అప్పటినుంచీ శుభ్రంగా ఉన్న కాగితం ఎవరు తెచ్చి చూపించినా త్రినాధరావు కళ్ళు చిన్నవవుతాయి.

ఆవిడ వదిలి వెళ్ళిన అలవాట్లు కొన్ని ఇంట్లో ఇంకా నడుస్తున్నాయి. వాటిలో ఒకటి, పొద్దున్న స్నానం కాగానే మాడు మీద రెండు చుక్కలు ఆముదం వేసి అదమడం. చదివి చదివి తల వేడెక్కిపోతోందని ఆవిడ మొదలుపెట్టింది. ఆముదం ఉప్మాక నుంచి వచ్చేది, ఆవిడ పుట్టిల్లు అక్కడే. ఇప్పటికీ బావమరిది సీసా పంపిస్తాడు. దాని గురించి త్రినాధరావు ఎప్పుడూ ఆలోచించలేదు. పళ్ళు తోముకోవడం గురించి ఎవరు ఆలోచిస్తారు?

నూనె ఎవరిదో తేల్చాలని ఆయన వేటకి దిగాడు.

మొదట పంపు. పక్క గదిలో ఉండే దేవీప్రసాద్ ఆ పంపుని అప్పుడప్పుడూ వాడుకుంటాడు. అదే డిపార్ట్‌మెంటు, అదే వయసు, వరసకి బావ. నవ్వకుండా ఒక మాట మాట్లాడలేడు.

"పంపులో నూనె నువ్వే మార్చేవు కదా. ఏ నూనె పోసేవు?" అన్నాడు త్రినాధరావు.

"మా ఆవిడ పకోడీలు ఏపగా మిగిలింది పోసేను బావా. పారబొయ్యడం ఎందుకని."

"ఏళాకోళం కాదు."

"పంపు నూనెకి పదిహేడు వందల నలభై అయిదు దగ్గర పీక్ రాదు. నీకు తెలుసు, నాకు తెలుసు. వంటనూనెకొస్తాది, తలనూనెకొస్తాది. నన్నెందుకు పట్టుకుంటావు?"

అది నిజమే. నిజమైనందుకు దేవీప్రసాద్ మీద ఇంకా కోపం వచ్చింది.

తర్వాత దేముడమ్మ. పొద్దున్నే గది తుడిచి పోతుంది. జడకి నిండా కొబ్బరినూనె, జడలో మూరెడు కనకాంబరాలు. ఆ పువ్వులతో ఇంక లోపలికి రావద్దన్నాడు.

"నాను పువ్వులెట్టుకుంటే మీ మిసనుకి జొరమొచ్చిందేటి బాబూ?" అంది దేముడమ్మ.

"పువ్వులు కాదు, నూనె. తలకి నూనె రాసుకుని రాకు."

"నూనె రాసుకోకుండా ఎలాగుంటారు బాబూ? పిచ్చోల్లుంటారు."

"అయితే బయటే ఉండు."

దేముడమ్మ చీపురు గుమ్మం దగ్గర పడేసి పోయింది. ఆ రోజు నుంచి గది తుడిచే పని షైనీదయింది.

షైనీ చేతులకి రాసుకునే క్రీమ్ మానిపించాడు. టిఫిన్ డబ్బా మెట్ల దగ్గర తినమన్నాడు. క్రిస్మస్‌కి వాళ్ళమ్మ పంపిన కజ్జికాయల పొట్లం చూసి, ముట్టుకున్న చేతులు మూడుసార్లు కడగమన్నాడు. ఆఖరికి తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో తనే రాసి తలుపుకి అంటించాడు. తలకి నూనె రాసుకున్నవారు లోపలికి రాకూడదు. కింద సంతకం కూడా పెట్టాడు.

దేవీప్రసాద్ వచ్చి చదివాడు. త్రినాధరావు తల వైపు చూశాడు. ఏదో అనబోయాడు.

"ఏటి?" అన్నాడు త్రినాధరావు.

"ఏం లేదు బావా. అక్షరాలు బాగున్నాయి."

ఇన్ని చేసినా పీక్ పోలేదు. పలకని ఆసిడ్‌లోంచి తీసి హోల్డర్‌లో బిగించే పని మాత్రం త్రినాధరావు ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆ పలకలు దేశంలో దొరికేవి కావు, ఒక్కటి పగిలితే తెప్పించడానికి ఆర్నెల్లు పడుతుంది. షైనీని పంపు దగ్గరికి తరిమి, కొత్త గ్లోవ్స్ తొడుక్కుని, పట్టకారుతో పట్టుకుని, తనే బిగించేవాడు. తన చేతి మీద తనకి అంత నమ్మకం.

తర్వాత పాయకరావుపేటలో ఒక కాలేజీకి ప్రాక్టికల్ పరీక్షల ఎగ్జామినర్‌గా వెళ్ళాడు. తిరిగి రాగానే షైనీ మూడు గీతలు తెచ్చి బల్ల మీద పరిచింది. ఆమె ముఖం వెలుగుతోంది. త్రినాధరావు గీతలు చూశాడు. రెండు వేల తొమ్మిది వందల దగ్గర ఏమీ లేదు. పదిహేడు వందల నలభై అయిదు దగ్గర ఏమీ లేదు. మొదట్లో ఉండే గుట్ట కూడా లేదు. రెండు వేల వంద దగ్గర హైడ్రోజన్ పీక్ నిటారుగా నిలబడి ఉంది. రాగి పడేకొద్దీ మెట్టు మెట్టుగా దిగుతోంది.

అంత శుభ్రంగా ఉంది.

"ఎవరు బిగించేరు పలకని?"

"నేనే సార్. మీరు లేరు కదా."

"ఎవరు చూసేరు?"

"ఎవరూ లేరు సార్."

త్రినాధరావు కాగితాలు బోర్లించాడు. "నేనున్నన్నాళ్ళూ వచ్చిన పీక్ నేను పేట ఎల్లగానే మాయమైపోయిందా? నేనెల్లిపోయేనని దానికెవరు సెప్పేరు? నువ్వు సెప్పేవా?"

షైనీకి వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "సార్, కంప్యూటర్‌లో ఫైళ్ళున్నాయి."

"ఫైళ్ళు నువ్వు ఉంచితే ఉంటాయి. పీక్ చెరపడం ఎంత పని? ఆ సాఫ్ట్‌వేర్‌లో రెండు నొక్కులు."

"నేను చెరపలేదు సార్."

"గడువు దగ్గరకొచ్చింది. గీతలు వండేవు."

ఆ మాట అన్నప్పుడు గుమ్మంలో దేముడమ్మ బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. దేవీప్రసాద్ టీ కప్పుతో లోపలికి వస్తూ ఆగిపోయాడు. త్రినాధరావు గొంతు తగ్గించలేదు. తగ్గించే మనిషి కాదు. తప్పుకి గొంతు తగ్గించడమంటే తప్పుని దాచిపెట్టడమేనని ఆయన సిద్ధాంతం.

"ఈ గీతల మీద నేను సంతకం పెట్టను," అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. షైనీ తల్లి అంతోనమ్మ గవరపాలెంలో బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. ఆ సాయంత్రం ఆమెకి ఫోన్ చేసి, మీ అమ్మాయి లేని ఫలితాన్ని తయారు చేసి తెచ్చిందని చెప్పాడు. అటు కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. అంతోనమ్మ ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఆయన లెక్కలో ఒప్పుకోవడమే.

షైనీ మర్నాడు వచ్చింది. ఏడ్చి వచ్చినట్టు లేదు. అది కూడా త్రినాధరావుకి నచ్చలేదు.

"మీరే చెయ్యండి సార్," అంది. "మొదటి నుంచి చివరిదాకా మీరే. నేను దేన్నీ ముట్టుకోను. పీక్ వస్తే నేను వండినట్టే."

"వత్తాది," అన్నాడు త్రినాధరావు. "నేను సేత్తే ఉన్నదున్నట్టు వత్తాది. కూర్చుని సూడు."

గుమ్మం పక్కన రెండు స్టూళ్ళు వేయించాడు. ఒకదాని మీద షైనీ, రెండోదాని మీద సాక్షిగా దేవీప్రసాద్. దేవీప్రసాద్ జేబులోంచి వేరుసెనగ పలుకులు తీశాడు. త్రినాధరావు చూసేసరికి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

పని మొదలైంది. డిటెక్టర్‌లో నైట్రోజన్ పోస్తుంటే క్యాన్ మూత బిగుసుకుపోయింది. కొట్టి తీశాడు. పలక ఆసిడ్‌లో ఉండగా కరెంటు పోయింది. జనరేటర్ వేసే మనిషి ఫోన్ ఎత్తలేదు. మూడోసారికి ఎత్తి, భోజనం చేస్తున్నానండి అన్నాడు. పదకొండు గంటలకి ఏ భోజనమని త్రినాధరావు కేకలేశాడు. కరెంటు వచ్చింది. పలకని ఆసిడ్‌లోంచి తీసి, నీళ్ళలో ముంచి, ఆరబెట్టాడు. కొత్త గ్లోవ్స్ తొడుక్కున్నాడు. హోల్డర్ స్క్రూ ఒకటి కింద పడింది. వంగి వెతికాడు. దొరకలేదు. బల్ల కింద, కుర్చీ కింద, పంపు వెనక చూశాడు.

"కుడి కాలు దగ్గరుంది బావా," అన్నాడు దేవీప్రసాద్.

"నువ్వు నోరు మూసుకో."

కుడి కాలు దగ్గరే ఉంది. స్క్రూ తీసి ఆసిటోన్‌తో తుడిచి పక్కన పెట్టి, నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. గ్లోవ్ తొడిగిన కుడి చెయ్యి పైకి లేచింది. మాడు మీద వాలింది. నుదురు దాకా ఒకసారి. మెడ దాకా ఒకసారి.

తర్వాత ఆ చేత్తోనే పలక అంచు సర్ది హోల్డర్‌లో బిగించాడు.

స్టూలు మీద షైనీ కదిలింది. ఇన్నాళ్ళూ పలక బిగించే సమయానికి ఆమెని పంపు దగ్గరికి తరిమేవాడు. ఈ రోజు కూర్చుని చూడమన్నాడు. ఆమె చూసింది.

మధ్యాహ్నం దాటాక గీత వచ్చింది. మొదట్లో గుట్ట. రెండు వేల తొమ్మిది వందల దగ్గర రెండు కొమ్ములు. పదిహేడు వందల నలభై అయిదు దగ్గర ఇంకోటి. ఎప్పటికంటే పెద్దదే.

త్రినాధరావు కుర్చీ తిప్పి ఇటు చూశాడు. ఎన్నాళ్ళకో ఆయన ముఖం మీద తృప్తి లాంటిది కనిపించింది. "సూసేవా? ఉన్నది ఉన్నట్టొచ్చింది. నేను లేనప్పుడు పోయి, నేనున్నప్పుడు ఎందుకొస్తాది? సెప్పు ఇప్పుడు."

"చెప్తాను సార్," అంది షైనీ. "మీ కుడిచేతి గ్లోవ్ ఒకసారి ఇవ్వండి."

"ఏల?"

"ఇవ్వండి సార్."

గ్లోవ్ ఇంకా చేతికే ఉంది. తీసి ఇచ్చాడు. షైనీ దాన్ని పట్టకారుతో అందుకుంది. ఆ స్పెక్ట్రోమీటర్‌కి ఇంకో సామాను ఉంది. చిన్న వజ్రపు ముక్క మీద ఏ వస్తువునైనా అదిమితే అది ఏ కాంతిని మింగుతుందో చెబుతుంది. షైనీ పెట్టెలోంచి కొత్త గ్లోవ్ ఒకటి తీసి, దాని వేలికొస కత్తిరించి, వజ్రం మీద అదిమి మొదటి గీత తీసింది. కొత్త గ్లోవ్ గీత అది, పోల్చుకోవడానికి. తర్వాత త్రినాధరావు గ్లోవ్ వేలికొస కత్తిరించి అదిమింది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేయమని కంప్యూటర్‌కి చెప్పింది.

మిగిలింది తెర మీదకి వచ్చింది. గుట్ట. రెండు కొమ్ములు. పదిహేడు వందల నలభై అయిదు.

త్రినాధరావు తెర దగ్గరికి వంగాడు.

"నేను నూనె రాసుకోను," అన్నాడు త్రినాధరావు. "రాసుకోడానికి నాకు జుట్టేది?"

"ఈ గుట్ట చూడండి సార్." షైనీ వేలు తెరకి తగలకుండా చూపించింది. "మూడు వేల నాలుగు వందల దగ్గర. గాలిలో తేమ అని మీరు చెప్పేరు. నేనూ అదే అనుకున్నాను. ఈ గ్లోవ్ మీద అంత తేమ ఎక్కడిది? కొబ్బరినూనెకి ఈ గుట్ట రాదు సార్. పంపు నూనెకి రాదు. క్రీముదైతే ఇన్నాళ్ళకి పోవాలి, నేను మానేసి ఎన్నాళ్ళయింది? ఆముదానికొస్తుంది."



"మాడు మీద ఆముదం కాకపోతే మరేటి బావా?" అన్నాడు దేవీప్రసాద్. ఈసారి నవ్వలేదు. "నీ పక్కన కూర్చుంటే వాసనొస్తాది. ఆ నోటీసు చదివిన రోజే అడుగుదామనుకున్నాను. మందు కదా, ఆవిడ పెట్టిన అలవాటు కదా, నీకు కష్టంగా ఉంటాదని ఊరుకున్నాను."

"ఊరుకున్నావు," అన్నాడు త్రినాధరావు. "ఇన్ని నెలలు నూనె నూనె అని నేను అరుస్తుంటే ఊరుకున్నావు."

"పలకని నీ తలతో పట్టుకుంటావని నాకు తెలుసేటి? చేతులకి గ్లోవ్స్ ఉన్నాయి కదా అనుకున్నాను."

త్రినాధరావు చెయ్యి పైకి లేవబోయింది. ఆయన దాన్ని చూశాడు. కిందికి దించాడు. ఆముదం నూనె అని ఆయనకి తెలియక కాదు. అది నూకరత్నం మందు. మందుల లెక్క వేరు, నూనెల లెక్క వేరు. నోటీసు రాసినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నవి జడలు, కొబ్బరినూనె సీసాలు, ఇతరుల తలలు.

కుర్చీలోంచి లేచి అన్నాడు, "ఒక్క గ్లోవ్‌తో తేలదు."

దేవీప్రసాద్ రెండు చేతులూ పైకెత్తి దించాడు. "ఇంకా ఏటి తేలాలి బావా!"

"ఆ పిల్లని ఇంకో పలకతో మళ్ళీ చెయ్యమను. నేను బయట ఉంటాను. నువ్వు లోపలుండు, కళ్ళు తెరుచుకుని. నూకరత్నం పేరు చెప్పి నా మీద జాలిపడ్డట్టు, ఆ పిల్ల మీద జాలిపడి ఏదీ వదలకు."

"నూకరత్నాన్ని ఇందులోకి ఎందుకు లాగుతావు?"

త్రినాధరావు బయటికి నడిచాడు.

మర్నాడు పొద్దున్న మొదలుపెట్టారు. త్రినాధరావు వరండాలో నిలబడ్డాడు. తలుపుకి పైసగం అద్దం. అద్దం కింద తను రాసిన నోటీసు. షైనీ పలకని ఆసిడ్‌లోంచి తీయడం, ఆరబెట్టడం, పట్టకారుతో ఎత్తి హోల్డర్‌లో నిలబెట్టడం అన్నీ అద్దంలోంచి చూశాడు. తప్పు వెతికాడు. స్క్రూ బిగించేటప్పుడు మోచెయ్యి బల్ల మీద ఆనించింది, అది ఒక్కటే దొరికింది. దానికి పీక్ రాదు.

దేముడమ్మ వరండా తుడుస్తూ ఆయన కాళ్ళ దాకా వచ్చింది. "జరగండి బాబూ." జరిగాడు. "మిమ్మల్ని కూడా బయటెట్టీసేరేటి?" అంది. జడలో కనకాంబరాలున్నాయి. ఆయన వాటి వైపు చూసి, మళ్ళీ అద్దం వైపు తిరిగాడు. ఆమె ఎక్కువసేపు నవ్వింది. ముఖం అటు తిప్పుకుని నవ్వాలని కూడా అనుకోలేదు.

గీత వచ్చినప్పుడు దేవీప్రసాద్ మానిటర్‌ని తలుపు వైపు తిప్పాడు. అంత దూరం నుంచి అంకెలు కనపడవు. అక్కర్లేదు. గీత చదునుగా వచ్చి, రెండు వేల వంద దగ్గర ఒక్కసారి నిటారుగా లేచి, మళ్ళీ చదునుగా పోయింది. గుట్ట లేదు, కొమ్ములు లేవు. పాయకరావుపేట రోజుల గీత ఎలా ఉందో ఇదీ అలాగే ఉంది.

శుభ్రంగా ఉన్న కాగితం ఒక్కోసారి నిజంగానే శుభ్రంగా ఉంటుంది. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆయనకి అద్దం అవతల అంతసేపు నిలబడాల్సి వచ్చింది. ఆసుపత్రి కాగితం మాత్రం ఆయన దృష్టిలో ఇంకా అబద్ధమే. దాన్ని క్షమించే ఉద్దేశం లేదు.

షైనీ థీసిస్ పట్టుకుని బయటికి వచ్చింది. త్రినాధరావు గోడకి ఆనించి మొదటి పేజీ తిప్పాడు. జేబులోంచి పెన్ను తీసి గైడు పేరు పైన సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. తిరిగి ఇచ్చాడు. కథ అయిపోయిందనుకుని లోపలికి వెళ్ళబోయాడు.

షైనీ దారిలోంచి జరగలేదు.

"మా అమ్మకి ఫోన్ చేసి చెప్పేరు సార్, నేను వండేనని."

"సంతకం పెట్టేను కదా."

"సంతకం యూనివర్సిటీకి సార్. మా అమ్మకి కాదు."

త్రినాధరావు దేవీప్రసాద్ వైపు చూశాడు. దేవీప్రసాద్ గుమ్మానికి ఆనుకుని పలుకులు నములుతున్నాడు. అటునుంచి సాయం రాలేదు. ఫోన్ తీశాడు. అటు కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది. మిషన్ ఆపకుండానే అంతోనమ్మ "చెప్పండి" అంది.

"అంతోనమ్మగారూ, త్రినాధరావుని. ఆ నూనె నాది."

"ఏ నూనె సార్?"

"పలక మీది నూనె. అంటే... సిలికాన్ పలకని ఆసిడ్‌లో..." ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇన్‌ఫ్రారెడ్ కాంతి అని ఒకటుంటుంది. అది పలకలోంచి పోతున్నప్పుడు నూనె ఉంటే నూనె కనబడిపోతుంది. నేనున్న రోజుల్లో కనబడేది. నేను లేని రోజుల్లో కనబడలేదు. అందుకని నేను..."

"సార్," అంది అంతోనమ్మ. "నేను రేపటికి నలభై నిక్కర్లు ఇవ్వాలి. మా పిల్ల దొంగతనం చేసిందా, లేదా?"

"లేదు."

"ఆ మాట చెప్పండి చాలు."

"చెయ్యలేదు. తప్పు నాది."

"చెయ్యలేదని ప్రభువుకి తెలుసు, నాకు తెలుసు. మీకు తెలిసిందా అనే అడిగేను." మిషన్ చప్పుడు పెరిగింది. "ఇంక ఉంటానండి." ఫోన్ పెట్టేసింది.

త్రినాధరావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆయన క్షమించమని అడగలేదు. ఆవిడా క్షమించానని అనలేదు. లెక్క సరిపోయిందనుకున్నాడు. మెల్లగా తలుపు తోశాడు.

"సార్," అంది షైనీ, అక్కడే నిలబడి. "రాగి రెండో పొర గీత తియ్యాలి. ఇంకో పలక లోపల బల్ల మీద తెరిచే ఉంది."

"అయితే?"

ఆమె తలుపు వైపు చూపించింది. "నోటీసు."

"అది ఎవరు రాసేరో నీకు తెలీదేటి?"

"తెలుసు సార్. కింద సంతకం ఉంది."

తలుపు మూసుకుంది. త్రినాధరావు తన అక్షరాల ముందు నిలబడ్డాడు. చెయ్యి మాడు మీదకి పోయింది. ఈసారి ఆపలేదు. నుదురు దాకా ఒకసారి, మెడ దాకా ఒకసారి నిమురుకున్నాడు. వరండాలో ఉన్నాడు కదా, ఎవరికీ నష్టం లేదు.